ఆ పిల్ల ఇల్లు చేరిందా?

ప్రెస్సులో అందరూ ఆయన్ని భూతద్దం గారు అని పిలిచేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన కూడా ‘ఊఁ’ అని పలికేవాడు. ప్రూఫులు దిద్దడం ఆయన పని. సబ్బు పెట్టె మీద అంటించే కాగితమైనా, లావుపాటి వైద్య గ్రంథమైనా ఆయన పెన్సిలు తగలకుండా మిషనెక్కేది కాదు. ఏ రచయితైనా ఎక్కడైనా కాలు జారాడా, ఇక చూసుకోండి! ఆ వాక్యాన్ని పైకి చదివి వినిపించేవాడు. ప్రెస్సంతా కడుపు పట్టుకుని నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వేది ఆయనే. పాపం, ఆ నవ్వే చివరికి ఆయన గొంతుకి చుట్టుకుంది.

ఆయన భార్య కూడా అక్కడే కాపీ చదివేది. ఈ పని తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చు కాగితం మీద పెన్సిలు పెట్టుకుని సరిచూస్తారు. చదివే మనిషి కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చెప్పాలి. ఆవిడ చదవడం, ఈయన చూడడం. అలా ఎదురెదురుగా కూర్చుని కూర్చుని ఒకరోజు పెళ్లి చేసుకున్నారు. ఇంటికొచ్చాక కూడా ఆవిడకి ఆ అలవాటు పోలేదు. “కూర బాగానే కుదిరింది కామా ఉప్పే కాస్త తగ్గింది ఫుల్‌స్టాప్. ఇక మాట్లాడకుండా తినండి” అనేది. ఎంత కోపంలో ఉన్నా ఆయనకి నవ్వొచ్చేసేది. పిల్లలు లేని ఇల్లు. ఆ ఇంట్లో సందడంటే ఆవిడ గొంతే.

ఇంతమంది రాతల్ని దిద్దిన మనిషికి తనూ ఒక నవల రాయాలని బుద్ధి పుట్టింది. రాశాడు కూడా. తప్పు స్టేషన్లో రైలు దిగిపోయిన ఒక చిన్నపిల్ల ఇంటి దారి వెతుక్కుంటూ నడిచి వెళ్లడం, అంతే కథ. రాయడం ఎలాగో అయిపోయింది. దిద్దడం దగ్గర మొదలైంది అసలు తంటా.

సాయంత్రం పని నుంచి రాగానే వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు. అలవాటు ప్రకారం ఆవిడ చదివేది, ఆయన పెన్సిలు పట్టుకునేవాడు. రెండో అధ్యాయంలో ఒక మాట నచ్చేది కాదు. కొట్టేసి ఇంకోటి రాసేవాడు. రాయగానే, “మళ్లీ మొదటి నుంచి” అనేవాడు. ప్రెస్సులో అచ్చు దిద్దిన పేజీని మొత్తం మళ్లీ చదవాలన్నది నియమం. ఈ మహానుభావుడు ఆ నియమాన్ని పుస్తకం మొత్తానికీ పట్టించాడు!

“ఏమండీ, మొదటి అధ్యాయం నాకు నిద్రలో కూడా వచ్చేస్తోంది. ఆ పిల్లని కాస్త ప్లాట్‌ఫారం దాటించండి, చలికి చచ్చిపోయేలా ఉంది” అని ఆవిడ వేళాకోళం చేసేది.

“తొందరపడకు. తప్పులతో బయటికెళ్తే నన్ను చూసి నవ్వరూ?”

“ఎవరు నవ్వుతారు?”

ఎవరు నవ్వుతారో ఆయనకి బాగా తెలుసు. తనలాంటివాళ్లే.

“పోనీ ఇంతకీ ఆ పిల్ల ఇల్లు చేరుతుందా లేదా, అదొక్కటి చెప్పండి.”

“ముందే చెప్పేస్తే ఇంకేముందోయ్? చదువుతావుగా.”

రాతప్రతి మంచానికి ఎదురుగా ఉన్న అలమరలోనే ఉండేది. తాళం కూడా ఉండేది కాదు. తీసి చదువుకుంటే అడిగేవాళ్లెవరు? ఆవిడ తీయలేదు. రాసినవాడు ఇవ్వని కాపీ ముట్టుకోకూడదన్నది ఆ పనిలో మర్యాద. ఆ మర్యాద ఆవిడ మొగుడి దగ్గర కూడా తప్పలేదు.

అలా ఏళ్లు గడిచాయి. ఆ పిల్ల ఊరి చివర వంతెన దాకా వచ్చేది, మళ్లీ వెనక్కి వెళ్లి రైలు దిగేది.

ఇంతలో ఆవిడకి గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు. జలుబు కాదని తేలేసరికి చాలా ఆలస్యమైపోయింది. ఆపరేషన్ చేశారు. మనిషి ఇంటికొచ్చింది, గొంతు రాలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. గిన్నె కింద పడితే ఇద్దరూ ఉలిక్కిపడేవారు.

పక్క వీధిలో ఉండే మరదలు రోజూ వచ్చి అక్కకి తలదువ్వి, గంజి తాగించి వెళ్లేది. నోరున్న మనిషి. ఒకరోజు ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి అడిగేసింది. “బావా, నీకేమైనా బుద్ధుందా అసలు? అది రోజూ ఆ అలమరకేసి చూస్తోంది. దాని గొంతు పోతే నీ గొంతేమైంది? చదివి వినిపించలేవూ?”

సొంత రాతని పైకి చదవడమా! అయినా ఆ సాయంత్రం కాగితాల కట్ట తీసి మంచం పక్కన కూర్చున్నాడు. మొదటి వాక్యం చదవడానికి మూడుసార్లు దగ్గాడు. వాక్యం అయ్యాక ఆవిడ మంచం పక్క బల్ల మీద వేలితో ఒక్కసారి కొట్టింది. ఆయనకి వెంటనే అర్థమైంది. అది ఫుల్‌స్టాప్.

నాలుగో పేజీలో ఒక మాట దగ్గర ఆయన చెయ్యి దానంతటదే పెన్సిలు కోసం వెళ్లింది. ఆవిడ ఆ పెన్సిలు లాక్కుని పిడికిట్లో పెట్టుకుంది. ముందుకు పొమ్మని తల ఊపింది. ఆయన పోయాడు. వేరే దారేముంది? పిల్లతో పాటు వంతెన దాటారు. మూడో అధ్యాయంలో పిల్ల చేతిలో ఉన్న ఎర్రసంచి ఏడో అధ్యాయానికి నీలం సంచి అయిపోయింది. ఇన్నేళ్లు దిద్దినవాడు అంత దూరం ఎప్పుడూ రాలేదు మరి, ఎలా తెలుస్తుంది? సిగ్గుతో చచ్చిపోయాడు. తలెత్తి చూస్తే ఆవిడ నవ్వుతోంది. గొంతు లేని నవ్వు, భుజాలు కదులుతున్నాయి. ఎగతాళి కాదు. ముద్దొచ్చిన పిల్లని చూసి నవ్వినట్టు నవ్వుతోంది. అంతే, ఆయనకి ఆ రోజు నుంచి భయం సగం పోయింది.

వంతెన దాటారు. సంత దాటారు. పిల్ల తన వీధి మొదట్లోకి వచ్చింది. ఇక మిగిలింది చివరి అధ్యాయం ఒక్కటే.

అక్కడ ఆగాడు. ఏం చెప్పమంటారు, అక్కడ ఆగాడు ఆ మనిషి! “ఇదొక్కటీ కాస్త సరిచేసుకోనివ్వు. నీకు వినిపించాల్సింది బాగుండాలిగా” అన్నాడు. ఆవిడ చేతిలోని పెన్సిలు మెల్లగా విడిపించుకున్నాడు. ఆవిడ బల్ల మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. “ఎంతలో, వారంలో అయిపోతుంది” అన్నాడు.

పాత చివరి వాక్యాలు మరీ సాదాగా ఉన్నాయనిపించింది. వాటి మీద కాగితం ముక్క అంటించేశాడు. పిల్ల వీధిలో నిలబడి ఉండగా మబ్బు కమ్మినట్టు, ఏ తలుపో తెలియనట్టు రాశాడు. కొట్టేశాడు. ఇంకో ముక్క అంటించి దాని మీద మళ్లీ రాశాడు. ఆయన పక్కగదిలో ముక్క మీద ముక్క అంటిస్తుండగానే వారం తిరక్కుండా ఒక తెల్లవారుజామున మరదలు కేక విన్నాడు. పరుగున వచ్చేసరికి ఆవిడ లేదు. వేలు బల్ల అంచు మీదే ఉంది.

ఎంతమంది వచ్చి ఓదార్చినా ఆయనకి ఒక్కటే ఆలోచన. ఒక్క మాట. ‘చేరిందోయ్’ అంటే సరిపోయేది. ఆ మాట చెప్పడానికి ఏ పెన్సిలూ అక్కర్లేదు.

చాలాకాలం ఆ కట్ట ముట్టుకోలేదు. తర్వాత ఒకరోజు చివరి అధ్యాయం తప్ప మిగతాదంతా తీసుకెళ్లి ప్రెస్సు ఓనరు బల్ల మీద పెట్టాడు. ఓనరు అక్కడే రెండు రోజులు కూర్చుని చదివి, “భూతద్దం గారూ, మీ కంటికి ఇదెలా ఆనలేదండీ? ఎర్రసంచి నీలం సంచి అయిపోయింది” అన్నాడు.

“ఆనింది. ఉండనివ్వండి.”

“అదేమిటి? జనం నవ్వుతారు.”

“తను కూడా నవ్విందండీ. తను విన్నది విన్నట్టే ఉండాలి. ఒక్క మాట మార్చినా నేను ఊరుకోను.”

“మరి చివరి అధ్యాయం?” అని అడిగాడు ఓనరు.

ఆ సాయంత్రం మరదల్ని పిలిచి అక్క మంచం దగ్గర కూర్చోబెట్టాడు. చివరి అధ్యాయం మీద అంటించిన ముక్కలన్నీ తడిపి ఒక్కొక్కటే ఊడదీశాడు. అడుగున మొట్టమొదట రాసిన రాత బయటపడింది. ఆవిడ గొంతుతో ఇల్లు నిండుగా ఉన్న రోజుల్లో రాసింది. పైకి చదివాడు. ఆవిడ చదివినట్టే కామాలూ ఫుల్‌స్టాపులతో సహా చదివాడు. చేతిలో పెన్సిలు లేదు.

“వీధి చివర ఇంట్లో దీపం వెలుగుతోంది ఫుల్‌స్టాప్. తలుపు తీసే ఉంది ఫుల్‌స్టాప్. పిల్ల చెప్పులు విడిచి కామా లోపలికి వెళ్లింది.”

ఆఖరి ఫుల్‌స్టాప్ దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ బల్ల వైపు చూశాడు, చప్పుడు కోసం.

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ అనాలనుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో, ఒక్క మాటే వచ్చింది. “చేరిందిగా బావా. ఈ మాటేగా అది అడిగింది.”

ఆయన చెయ్యి చాచి, ఆవిడ కొట్టిన చోటే, బల్ల మీద వేలితో ఒక్కసారి కొట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆ కాగితాలు తీసుకెళ్లి ప్రెస్సులో ఇచ్చేశాడు.