శెట్టిగారి పంచెల్లో చిన్నరసాలు

తిట్టుకోకుండా వింటానంటే చెబుతాను. నూజివీడులో ఒక పెళ్ళివారి బట్టలన్నింటినీ మాగబెట్టిన ఘనత నాది. కాయలతో పాటే లెండి.

ఊరి చివర షాపింగ్ కాంప్లెక్సు కట్టిన కొత్తల్లో, దాని మెట్లు ఎక్కి దిగడానికే చాట్రాయి నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఎనభయ్యో సంవత్సరం దాటేసరికి బస్టాండు అటువైపు పోయింది, జనమూ దాని వెంటే పోయారు. పైన టైపు నేర్పేవాళ్ళు చేరారు, కింద మూసిన కొట్లలో మామిడికాయలు చేరాయి. శెట్టిగారి బట్టల కొట్టు ఒక్కటే బోసినోట్లో ఒంటిపన్నులా మిగిలింది. వరండాలో పళ్ళమ్ముకునే నాకు ఆయన తన వెనకగది ఊరికే ఇచ్చారు, కాయలు మాగేసుకోమని.

ఆ వేసవిలో గాలివానకు నా వరిగడ్డి తడిసి కుళ్ళింది. గదిమూలన చూస్తే తెల్లపంచెల కట్టలు. మీద ఏదో చీటీ. అప్పట్లో నాకు చీటీ అయినా చింతాకయినా ఒకటే, అక్షరాలు నేర్చింది ఆ తరవాతెప్పుడో. ఏడాదిగా బేరమే చూడని కొట్లోకి కొత్త సరుకు వస్తుందని కలగంటానా? అమ్ముడుపోని పాతవనుకొని, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పంచెల మధ్య రసాల్ని పరిచేశాను.

ఐదోనాడు పొద్దున్నే మైలవరం నుంచి ఒక ముసలావిడ దిగింది. మనవరాలి పెళ్ళిలో వియ్యాలవారికి పెట్టే పంచెలు ఆవిడవేనట, చీటీ మీద పేరూ ఆవిడదేనట! శెట్టిగారు గదిలోకి వెళ్ళి కేకపెట్టారు.

“ఇదేంటమ్మా!”

“రసాలండి. బ్రహ్మాండంగా మాగాయండి.”

“పళ్ళ సంగతి ఎవరడిగారు? పంచెలు చూడు!”

చూశాను. పళ్ళు పగిలి, పంచె పంచెకూ పచ్చటి మరకలు. శెట్టిగారు గడప మీద కూలబడ్డారు.

“ఈ ఒక్క బేరంతో ఈ ఏడు గట్టెక్కుదామనుకున్నాను. ఇక షట్టరు దించెయ్యడమే.”

నా నోరు ఊరుకుంటుందా? ఓ పంచె పట్టుకొని బయట ఆవిడ దగ్గరికి ఉరికాను. “మేమే పసుపు పెట్టి ఉంచామండి!” కొత్తబట్టకి పసుపు పెట్టడం ఆనవాయితీయే కదా.

“ఓ మూల పెడతారు గానీ ఒళ్ళంతా పూస్తారేంటే? పసుపుకి రసాల వాసనేంటే?”

ఇక దాచలేకపోయాను. “తప్పు నాదండి. ఆయనకేం తెలీదు. తిడితే నన్ను తిట్టండి, బేరం మాత్రం ఇంకో కొట్టుకి తీసుకుపోకండి.”

ఆవిడ పంచెను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎంతసేపటికీ దించదు.

“మా ఆయన పంచె ఎప్పుడూ ఇలాగే ఉండేది,” అంది చివరికి. “తోటలో పండు తినడం, పంచెకి చేతులు తుడుచుకోవడం. ఉతకలేక చచ్చేదాన్ని. ఆయన పోయాక మరకన్నదే లేదు ఇంట్లో.” కళ్ళు తుడుచుకుంది. “శెట్టిగారూ, ఇదొకటి నాకివ్వండి, ఉతక్కండి. వియ్యాలవారికి కొత్తవి తెప్పించండి, ఇంకా టైముంది లెండి. అవునే, ఆ పళ్ళెంత?”

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. పంచెలు పాడై మా శెట్టిగారు ఏడుస్తుంటే ఈవిడ పళ్ళు బేరమాడింది. ఆ బేరంతోనే ఆయన ఏడుపు ఆగింది. ఆ ఏటి నుంచి కొట్లో ముందు బట్టలు, వెనక పళ్ళు. పెళ్ళివారు రెండూ ఒక్కచోటే కొనుక్కుపోయేవారు.

నేను మాత్రం ఆ రోజే షట్టరు మీద చెయ్యి వేసి ఒట్టుపెట్టాను, ఈ జన్మలో మళ్ళీ కొత్త పంచెల్లో కాయలు మాగెయ్యనని. ఇప్పటికీ తప్పలేదు. మరకలు పడ్డవి అన్ని జతలు మిగిలాక, ఇక కొత్తవాటితో నాకేం పనండీ!