ఇంజిన్ ఎడమ పక్క నూనె మరక

నా ఉద్యోగం మచ్చలు పట్టుకోవడం. కార్ల ఫ్యాక్టరీలో రంగు వేసిన బాడీ నా ముందుకొస్తే, లైట్ల కింద వంగి చూసి, ఇసుక రేణువంత తేడా ఉన్నా గుర్తుపెట్టి వెనక్కి పంపాలి. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. కరోనా రెండో చలికాలంలో పని తగ్గించి వారానికి మూడు రోజులు ఇంట్లో ఉండమన్నారు. కళ్లకు మాత్రం సెలవు దొరకలేదు. మా ఆవిడ తోమిన గిన్నెల మీద కూడా మరకలు వెతికేవాణ్ణి.

మా కింది ఫ్లాట్‌లో ఒక తెలుగు పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. గోదావరి వైపు మనిషి, డెబ్బై ఎనిమిదేళ్లు. వయసులో ఉండగా ఇంగ్లండ్ వెళ్లి అక్కడ రైల్వే డీజిల్ షెడ్డులో పనిచేశారు. తర్వాత జర్మనీ వచ్చి స్థిరపడ్డారు. ఆయన బయట తిరగకూడదు గనక సరుకులు నేను తెచ్చిచ్చేవాణ్ణి. అంకుల్ అని పిలిచేవాణ్ణి.

ఆయన ప్రాణమంతా ఒక ఇంజిన్ మీద. బ్రిటిష్ రైల్వేలో అరవైల్లో వచ్చిన డీజిల్ ఇంజిన్, క్లాస్ 37. డ్రైవరు కేబిన్ ముందు ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. దాని చప్పుడును బట్టి అభిమానులు ముద్దుగా ట్రాక్టర్ అంటారట.

“ట్రాక్టర్లు మా వరంగల్ల మస్తుంటయి అంకుల్. దానికోసం ఇంగ్లండ్ దాంక పోవాల్నా?” అన్నాను ఒకసారి.

“నవ్వుకో బాబూ, నవ్వుకో. మీ కార్లకి గొంతుందా అసలు? ఇది ఎత్తు ఎక్కుతుంటే ఇక్కడ, కడుపులో కదులుద్ది, ఆయ్!”

శనివారం మధ్యాహ్నాలు ఆయనా, ఇంగ్లండ్‌లో ఉన్న మరో ఏడుగురు ముసలివాళ్లూ వీడియోలో కలుసుకునేవారు. ఒకరు పాత టేపు వేస్తే మిగతావాళ్లు కళ్లు మూసుకుని విని, ఆ బండి ఏ ఊరి ఎత్తు ఎక్కుతోందో, వెనక ఎన్ని పెట్టెలున్నాయో చెప్పేవారు. చెప్పి పోట్లాడుకునేవారు. తలుపు దగ్గర నిలబడి ఒకసారి చూశాను. పైకొచ్చి మా ఆవిడకు అభినయించి చూపించి నవ్వించాను.

ఆ ఏడుగురిలో ఒకాయన అంకుల్‌తో పాటు అదే షెడ్డులో పనిచేసినవాడు. జానెడు పొడవు బొమ్మ ఇంజిన్‌కు రంగులు వేసి అంకుల్‌కు పంపాడు. చూపు తగ్గుతోంది, ఇదే ఆఖరిది అని కూడా రాశాడు. బ్రిటన్ యూరప్ కూటమిని వదిలి వెళ్లిన కొత్త కాబట్టి పార్సెల్ కస్టమ్స్‌లో ఆగింది. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకుని నేనే వెళ్లాను. అద్దం వెనక ఉన్న ఆఫీసరమ్మ చేతి తొడుగులతో పెట్టె విప్పింది, చూసింది, “బాగుందే” అని జర్మన్‌లో అని పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి ఇచ్చింది.

“అంకుల్‌కు ఇచ్చేముందు ఆ డబ్బాకు జర శానిటైజర్ కొట్టు” అంది మా ఆవిడ.

ఆవిడ తుడవమన్నది డబ్బాను. నేను లోపలున్నది కూడా తీశాను. నీలం రంగు ఇంజిన్, పసుపు ముక్కు. ఒళ్లంతా మసి, చక్రాల దగ్గర తుప్పు, ఎడమ పక్క పైనుంచి కిందికి నల్లటి చార. పాత సామాను, దుమ్ము పట్టిందనుకున్నాను. అది కుంచెతో వేసిన దుమ్మని నాకు తట్టలేదు. మెత్తటి గుడ్డ, స్పిరిటు తీసుకుని ఎడమ పక్కంతా అద్దంలా చేశాను. కుడి పక్క మొదలుపెట్టబోతుంటే అంకుల్ ఫోన్ చేశారు, వచ్చిందా అని.

మళ్లీ చుట్టి కిందికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన పెట్టె విప్పి ఇంజిన్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇదేవిటి బాబూ? ఈ పక్కంతా కడిగేసుందేంటి?”

“కస్టమ్సోళ్లు తెరిచిండ్రంకుల్” అన్నాను.

వాళ్లు తెరిచిన మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చేశాను. నాకిది కొత్త కాదు. ఫ్యాక్టరీలో నా కన్నుగప్పిన మచ్చ తర్వాత బయటపడితే, పక్క షిఫ్టువాళ్లు గీకి ఉంటారని అన్న రోజులున్నాయి. ఎదురుగా లేని మనిషి మీద తోసేయడం నాకు ఎప్పుడూ తేలికే.

మర్నాడు అంకుల్ జర్మన్‌లో ఒక ఫిర్యాదు రాసి, తప్పులు దిద్ది పోస్టు చేయమని ఇచ్చారు. రసీదు మీద ఉన్న ఆఫీసరమ్మ పేరు అందులో రెండుసార్లు రాశారు. ఆ ఉత్తరం రెండు రోజులు మా బల్ల మీదే ఉంది. మా ఆవిడ చదివింది.

“నువ్వు తుడిచినవని చెప్పలేదా?”

“చెప్దామనే అనుకున్న…”

“ఆమె నౌకరికి ఏమన్నయితే? నీ మరక ఆమెకు రుద్దితే పోతదా?”

శనివారం ఉత్తరం పట్టుకుని కిందికి వెళ్లాను. వీడియో నడుస్తోంది. బల్ల మీద ఇంజిన్, మసి ఉన్న కుడి పక్క కెమెరా వైపు తిప్పి ఉంది. మాస్కులోంచే చెప్పాను.

“అంకుల్, కస్టమ్సోళ్లు కాదు. నేనే తుడిచిన. మురికనుకున్న.”

ఆయన ల్యాప్‌టాప్‌లో మైకు ఆపేసి నా వైపు తిరిగారు.

“ఆ చార ఏవిటో తెలుసా నీకు? ఇంజిన్‌కి ఆయిలు పోసి మూత బిగించడం మర్చిపోయాను. బండి కదలగానే పక్కంతా కారింది. చేరి నెల కాలేదు నేను. ఇంటికి పంపేసేవారే. ఇదిగో, ఈ బొమ్మ పంపినవాడే ఫోర్మన్ దగ్గరికెళ్లి, తనే మర్చిపోయానన్నాడు. మేం రాసుకున్న ఉత్తరాల్లో ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. ఇన్నాళ్లకి బొమ్మ మీద వేశాడు, పంపేముందు వీడియోలో చూపించాడు.”

“సారీ అంకుల్” అన్నాను.

“నాకు కాదు, వాడికి చెప్పు” అని మైకు మళ్లీ పెట్టారు.

తెర మీద మందపాటి అద్దాల మనిషికి ఇంగ్లిషులో చెప్పాను. ఆయన దేంతో తుడిచావని అడిగాడు. స్పిరిటు అన్నాను. “పైన వార్నిష్ ఇంకో పూత వేయాల్సింది. తప్పు నాదేలే” అన్నాడు.

“చూశావా?” అన్నారు అంకుల్ తెలుగులో, ఎవరి వైపూ చూడకుండా. “మళ్లీ అదే పని చేస్తున్నాడు వెధవ.”

“కాదు, తప్పు నాది” అన్నాను తెరతో. మామూలుగా అయితే ఆ మాట వెనక ‘అయితే’, ‘కానీ’ అని ఏదో ఒకటి తగిలించేవాణ్ణి. ఆ రోజు అక్కడితో ఆపాను.

అంకుల్ చెయ్యి చాచి ఉత్తరం తీసుకున్నారు. ఆ తర్వాత రెండు వారాలు సరుకుల చీటీ తలుపుకు అంటించేవారు, తలుపు తీసేవారు కాదు. ఆయన స్నేహితుడు క్షమించినంత త్వరగా ఆయన క్షమించాలని నేను ఎలా అడగగలను? సంచీ గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి పైకి వెళ్లిపోయేవాణ్ణి. మూడో శనివారం బెల్లు కొట్టి తిరగబోతుంటే తలుపు తెరుచుకుంది.

“కుర్చీ గుమ్మం అవతలే వేసుకో” అన్నారు. “టేపు పెడుతున్నారు. మాట్లాడకుండా విను.”