తెల్ల గ్లౌజులు

నక్సలైట్ అన్నల భయం, పోలీసుల భయం రెండూ ఉన్న రోజులవి. హైదరాబాదులో ఒక ఆధునిక కళల మ్యూజియంలో శిక్షణలో ఉన్నాను. మాది కోరుట్ల కాబట్టి అక్కడి శిల్పి దగ్గరనుంచి ఒక శిల్పం తెమ్మని నన్నే పంపారు. సిరిసిల్ల మరమగ్గాల పాత ఇనుప ముక్కల్ని తళతళలాడేలా రుద్ది, తీగలతో బిగించి చేసిందది. అట్టపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను.

జగిత్యాల దాటగానే పోలీసులు బస్సు ఆపారు. పెట్టె సందులో తీగలు చూసి ఎస్సై అందరినీ దూరంగా పంపేశాడు.

"ఏందమ్మా గది?"

"బొమ్మ సార్."

"బొమ్మకు తీగలెందుకు? నువ్వే ఇప్పి సూపియ్."

రోడ్డు పక్కన పెట్టె ముందు కూర్చుని, మ్యూజియం అలవాటుకొద్దీ సంచిలోంచి తెల్ల గ్లౌజులు తీసి తొడుక్కున్నాను. తుపాకులన్నీ నావైపు లేచాయి.

"ఏయ్! గవెందుకు తొడుగుతున్నవ్? ఉత్త చేతులతోని ముడితే ఏమైతది?"

"చెమటకు తుప్పు పడ్తది సార్!" ఏడుపొక్కటే తక్కువ.

"పడనియ్. తియ్ గవి!"

గ్లౌజులు తీసేశాను. కళ్లు మూసుకుని, ఉత్త చేతులతో శిల్పాన్ని పైకెత్తాను. ఎస్సై దాన్ని చాలాసేపు చూసి బస్సు వదిలేశాడు.

ఆ శిల్పం ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. దానిమీది ఎర్రటి మరకల్ని చూసి శిల్పి పనితనమని మెచ్చుకుంటారు. అవి నా వేళ్ల గుర్తులు.