అద్దంలో లకుముకి

చోడవరంలో బస్సులు ఆగేచోట దాసు క్షవరాల బడ్డీ ఉండేది. పని క్షవరమే గానీ అతని ప్రాణమంతా పిట్టల మీదే. పిట్ట బొమ్మ గీసి, అది కుదిరితేగాని ఆ పిట్ట తనకి తెలుసని ఒప్పుకొనేవాడు కాదు. ఆ లెక్కన నలభై ఏళ్ళొచ్చినా అతనికి తెలిసిన పిట్ట ఒక్కటీ లేదు. అందరికీ అన్నీ తెలిసిన ఊళ్ళో అలాంటివాడు ఒక్కడుంటే సంతోషించాలి. ఊరు మాత్రం, గీసి ఏం చేస్తావు, కూర వండుతావా అని అడిగేది.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు వేసవిలో బడ్డీ ఎదటి కాలవ మడమ లోతుకి దిగిపోయింది. నీళ్ళు పోతే, దాని పక్కన తీగ మీద వాలే లకుముకి కూడా పోతుంది. రేపో ఎల్లుండో. దాసుకి నిద్ర పట్టలేదు. చివరికి ఉపాయం తట్టింది: అద్దంలో కనిపించే పిట్ట చుట్టూ సబ్బుముక్కతో గీసేస్తే సరి. అడ్డమల్లా కుర్చీలోవాడి తలకాయే.

ఆవేళ ఆ తలకాయ బుచ్చయ్యపేట పెదబాబుది. అతను పదిగంటల బస్సుకి అనకాపల్లి వెళ్ళి పిల్లని చూడాలి. ఒక చెంప గీయడం అయ్యేసరికి లకుముకి వచ్చి వాలింది. దాసు కత్తి దించి, తల వంచమన్నాడు. వెనక మెడ గొరుగుతాడనుకుని పెదబాబు వంచాడు. వంచినవాడు వంచినట్టే ఉండి, పిల్ల ఎనిమిదో క్లాసు చదివిందనీ, తనకేమో సంతకమే వంకరనీ చెప్పుకుపోయాడు. దాసు ఊఁ కొడుతూ గీశాడు.

బస్సు హారను మోగింది. పెదబాబు తలెత్తాడు. అద్దంలో తన మొహానికి అడ్డంగా సబ్బు పిట్ట. తిడతాడనుకుని దాసు కత్తి దూరంగా పెట్టాడు. పెదబాబు వెనక్కి తిరిగి తీగకేసి చూశాడు, మళ్ళీ అద్దం చూశాడు.

"ఒరే దాసూ, దానికి మెడేదిరా? మడిసి మెడ ఎట్టేసేవు."

నిజమే. ఇరవై ఏళ్ళుగా పొద్దున్న లేస్తే మెడలే చూస్తున్న మనిషి, కాకికీ పిచ్చికకీ గుడ్లగూబకీ కూడా ఊళ్ళోవాళ్ళ మెడలే తగిలిస్తూ వచ్చాడు. దాసు బొటనవేలితో మెడ తుడిచి, తలని తిన్నగా భుజాల మీదికి దింపాడు. తీగ మీది పిట్ట, అద్దంలో పిట్ట ఒక్కలాగే గుర్రుగా కూచున్నాయి.

"తెలిసింది బాబూ," అన్నాడు దాసు.

బస్సు కదిలిపోయింది. పెదబాబు ఒక చెంప నురగతో గుమ్మందాకా పరిగెత్తి, దాని వీపు చూసి, వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏటి తెలిసింది? ముక్కు సూడు, సగమే ఉంది."