సంగటి ముద్దలో చెన్నపట్నం

తిరుపతిలో నేను భోంచేసే హోటల్లో గురువారాలు రాగిసంగటి పెడతారు. పొగలుకక్కే ముద్ద పక్కన ఊరిబిండి పచ్చడి వడ్డించగానే, వేయించిన చెనక్కాయల వాసనకు నాకు మా ఊరు చిత్తూరు కాదు, చెన్నపట్నం గుర్తుకొస్తుంది.

మా నాయన చిత్తూరులో ఒక సర్కారు కచేరీ రికార్డు గదిలో బంట్రోతు. దొరల కాలం నాటి కాగితాలను ఎర్రగుడ్డల్లో మూటలు కట్టి, ఎలుకల నోట పడకుండా కాపాడడం ఆయన పని. అమ్మ నా నాలుగో ఏటనే పోయింది. ఇంట్లో మేమిద్దరమే. మామూలుగా నోరు విప్పని మనిషి, చలికాలం పొయ్యి దగ్గరా, మామిడికాయ పప్పు చేసుకునే ఎండాకాలం వసారాలోనూ అన్నానికి కూర్చుంటే మాత్రం పళ్ళెంలో పట్నం కట్టేవాడు. పెద్ద ముద్ద కోట, దానికి ఉత్తరాన చిన్న చిన్న ముద్దలు నల్లవాళ్ళ పేట, వేలితో గీసి పప్పు పారించిన రెండు గీతలు కూవం, అడయారు నదులు, తూర్పున పళ్ళెం అంచుదాకా పోసిన పులుసు సముద్రం.

"సూడు పాపా, అల వచ్చి కోటగోడకే కొట్టుకుంటాది. తెల్లోళ్ళు ఏలినా, ఆ ఇసుకతిన్నె మన సంద్రగిరి రాజు ఇచ్చిందే" అనేవాడు. చివరికి కోటను తుంచి నా నోట్లో పెట్టేవాడు.

ఆయన అక్కడ ఏళ్ళ తరబడి బతికాడనే అనుకున్నాను. గచ్చకాయలాడే చోట, మా నాయనకు పట్నంలో తెలియని సందు లేదని కోతలు కోసేదాన్ని. ఏడో తరగతి సెలవుల్లో నా పోరు పడలేక తీసుకెళ్ళాడు. నా నేస్తం సరళనూ వెంటబెట్టుకున్నాను.

బస్సు దిగి కోటదాకా నడిచాం. తూర్పు గోడ ముందు వెడల్పాటి రోడ్డు, రొద చేసే మోటార్లు, అవతల కట్టడాలు. సముద్రం జాడే లేదు. నాయన గోడ పొడుగునా అటు నడిచి, ఇటు నడిచి, "ఈడే ఉండాల" అన్నాడు. సరళ ముసిముసిగా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు ఎప్పుడన్నా ఈడికి వచ్చినావా నాయనా?"

"లేదు పాపా. రికార్డు గదిలో పటం సూసినా."

"నీకేమీ తెలీదు" అన్నాను, సరళకు వినపడేట్టుగా.

ఆయన తిట్టలేదు. మాకు తాటిముంజలు కొనిపెట్టి, తిరుగు బస్సెక్కించాడు. ఆ తరువాత సంగటిని సంగటిలాగే తిని చెయ్యి కడుక్కునేవాడు. ఒకసారి పట్నం కట్టమని నేనే అడిగితే, పెద్దదానివైనావు గదా అని లేచిపోయాడు. ఇద్దరమున్న ఇంట్లో అంత ఒంటరితనం ఉంటుందని నాకప్పుడు తెలిసింది.

చాలా ఏళ్ళకు తిరుపతిలో ఉద్యోగం చేస్తూ, ఒక సాయంత్రం లైబ్రరీలో పాత చరిత్ర పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. ఒకప్పుడు సముద్రం కోటగోడ దాకా ఉండేదట. రేవు కట్టాక ఇసుక మేటవేసి, నీళ్ళు వెనక్కి జరిగాయట. నాయన చెప్పింది నిజమే, ఆయన చూసిన పటమే పాతది. పుస్తకం అక్కడే వదిలేసి, పరుగున వెళ్ళి చిత్తూరు బస్సెక్కాను. ముందు తప్పయిందని అనాలా, సముద్రం సంగతి చెప్పాలా అని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు గుర్తొచ్చింది, నాయన పోయి అప్పటికే మూడేళ్ళని. దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాను.

ఇప్పుడు చిత్తూరు వేరే జిల్లా, తిరుపతి వేరే జిల్లా. మా వసారా ఇల్లు పడగొట్టేశారు. ఎర్రమూటల గది ఉందో లేదో నేను పోయి చూడలేదు. సరళ ఏ ఊళ్ళో ఉందో తెలియదు. తెలిస్తే కనీసం ఆమెకైనా చెప్పేదాన్ని, మా నాయనకు తెలుసునని.