స్కూటర్లు లేని రోడ్డు

పీహెచ్‌డీ మూడో ఏట మా గైడ్ నన్నొక చిన్న పని చేయమన్నారు. నా సిమ్యులేషన్‌లోంచి స్కూటర్లనూ మోటార్‌సైకిళ్లనూ తీసేయమన్నారు.

నేనప్పుడు బెంగళూరులో యలహంక దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ అక్కడే పరిశోధన చేస్తున్నాను. రోడ్డు మీద బళ్లు సెల్ టవర్ సాయం లేకుండా రేడియోతో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నా విషయం. ముందు కారు సడన్‌గా బ్రేక్ వేస్తే ఆ కబురు వెనక బళ్లకు రెప్పపాటులో అందాలి. అన్నీ ఒకేసారి మాట్లాడితే ఏ మాటా వినపడదు. అందుకని దగ్గరగా వెళ్తున్న బళ్లను ఒక గుంపుగా చేసి, వాటిలో ఒకదాన్ని గుంపుకు పెద్దగా పెడతాం. గుంపులో కబురు అందరికీ చెప్పేదీ, వెనక గుంపుకు చేరవేసేదీ ఆ పెద్దే. ఎవరిని పెద్దగా ఎంచుకోవాలి, కబురు ఏ దారిన పంపాలి అన్నదే నా థీసిస్ అంతా.

కార్లూ బస్సులే ఉన్నంతవరకూ నా పద్ధతి చక్కగా నడిచింది. స్కూటర్లు కలిపేసరికి గుంపులు నిలవలేదు.

"తీసేయమ్మా. హైవే మోడల్ పెట్టుకో, అందరూ అదే చేస్తున్నారు. గ్రాఫ్ క్లీన్‌గా వస్తుంది, పేపర్ ఈజీగా పడుతుంది" అన్నారు గైడ్.

"సార్, నేను రోజూ కాలేజీకి స్కూటర్ మీదే వస్తాను."

"అయితే?"

"నన్నే తీసేయమంటున్నారు కదా."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

సిమ్యులేషన్ పక్కన పెట్టి అసలు రోడ్డు మీదే చూడాలనుకున్నాను. ల్యాబ్‌లో ఉన్న నాలుగు రేడియో డబ్బాలు అడిగి తెచ్చుకున్నాను. తోటి లెక్చరర్లు ఇద్దరు వాళ్ల కార్లు తెస్తామన్నారు. మా ఇంటి ఓనరమ్మ తమ్ముడికి ఆటో ఉంది, అతన్నీ రమ్మన్నాను. తాతలనాటి నుంచీ యలహంకలోనే ఉంటున్న తెలుగువాళ్లు వాళ్లు.

"ఇదేందమ్మా, మీటరు మాదిరి ఉండాది?" అన్నాడతను, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"రేడియో అన్నా. ముందు బండి బ్రేకేస్తే ఇది కుయ్‌మంటుంది."

ఆదివారం పొద్దున కాలేజీ వెనక ఖాళీ రోడ్డు మీద బయల్దేరాం. ముందు రెండు కార్లు, వాటి వెనక నా స్కూటర్, చివర ఆటో. నా వేగం నిలకడగా ఉందని నా స్కూటరే గుంపుకు పెద్ద అయింది. కొంతదూరం పోయాక, బెంగళూరులో ఎవరైనా చేసేదే నేనూ చేశాను. కార్ల పక్క సందులోంచి దూరి, గుంపు దాటి చాలా ముందుకెళ్లిపోయాను. గుంపుకు పెద్ద లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే, అనుకున్న ప్రకారం, ముందు కారు బ్రేక్ వేసింది.

ఆటోలో డబ్బా మోగలేదు. ఆటో వచ్చి రెండో కారు వెనక జానెడు దూరంలో ఆగింది.

"నీ డబ్బా సుమ్నె, కుయ్ కయ్ అనకుండా కూర్చోనుండాది కదమ్మా! నా కాలు బ్రేకు మీద ఉండబట్టి సరిపోయింది" అని అరిచాడతను.

నాకు కోపం వచ్చింది, నా పద్ధతి మీదా, నన్ను నేనే తీసేసుకోమన్న సలహా మీదా. సలహా విని ఉంటే కాగితం మీద అంతా బాగుండేది. ఆ ఆటోకు మాత్రం కబురు ఎప్పటికీ అందేది కాదు.

పద్ధతి మార్చాను. స్కూటర్ గుంపులో ఉంటుంది, కబురు దానికీ అందుతుంది, కానీ పెద్ద కాదు. పెద్దకు తోడుగా ముందే ఒక రెండో బండిని ఎంచి పెడతాం. పెద్ద జారిపోగానే అది పని అందుకుంటుంది. మళ్లీ అదే రోడ్డు మీద తిరిగాం. ఈసారి ఆటోలో డబ్బా కుయ్‌మంది. అయినా ఎన్ని కబుర్లు అందాయో చూపే గ్రాఫు మాత్రం మిగతావాళ్ల పేపర్లలో ఉన్నంత ఎత్తుకు పోలేదు.

థీసిస్ రివ్యూకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అదే అడిగారు. "మీ ఫలితాలు మిగతావాళ్ల కంటే తక్కువగా ఉన్నాయేం?"

"వాళ్ల రోడ్ల మీద స్కూటర్లు లేవు సార్, నా రోడ్డు మీద ఉన్నాయి. వాటిని తీసేస్తే నా గ్రాఫూ అంతే ఎత్తుకు పోతుంది. కావాలంటే ఇప్పుడే తీసి చూపిస్తాను. థీసిస్‌లో మాత్రం పెట్టను."

చూపించమన్నారు, చూపించాను. మా గైడ్ తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నారు. కమిటీ వాళ్లు తమలో తాము మాట్లాడుకుని, రద్దీ రోడ్ల మీద కూడా పరీక్షించి రమ్మన్నారు. అంటే ఇంకో సెమిస్టర్ ఆలస్యం. సరేనన్నాను.

బయట వరండాలో గైడ్ నన్ను ఆపారు. "ఈ పేపర్ మీద నా పేరు వద్దు."

"సరే సార్" అన్నాను. బతిమాలుతాననుకున్నారేమో, ఒక్క క్షణం అక్కడే నిలబడి వెళ్లిపోయారు.

రద్దీ రోడ్ల పరీక్షలూ చేసి పంపిన పేపర్ ఒక జర్నల్ నుంచి తిరిగొచ్చింది. ఏమీ మార్చకుండా మరోచోటికి పంపాను. అక్కడ తీసుకున్నారు. గ్రాఫు కింద నేనొక వాక్యం రాశాను, ఈ లెక్కలో ద్విచక్ర వాహనాలు ఉన్నాయని. అది అనవసరం, తీసేయమని ఎడిటర్ రాశారు. తీయనని జవాబిచ్చాను. దాంతోనే అచ్చయింది.