నాలుగో కిటికీ ఫోను

మా మున్సిపల్ ఆఫీసులో నాలుగో కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ చెడ్డ మనిషని ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లంతా అంటారు. అందులో అబద్ధం లేదు. పంతొమ్మిదేళ్లు మూడో కిటికీలో ఆవిడ మోచేతికి మోచెయ్యి తగిలేలా కూర్చుని, ఒకే బల్ల మీద అన్నం డబ్బాలు విప్పుకున్నదాన్ని, నాకు తెలియదా? ముక్కు మీదే కోపం. మాట్లాడితే కస్సు, మాట్లాడకపోతే బుస్సు. అయినా నేను అక్కా అనే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను ఒసేయ్ అనేది. మా ఇద్దరికీ అది సరిపోయింది.

నాది ఇంటిపన్ను కిటికీ. ఆవిడది మొదట్లో జనన మరణాల కిటికీ. ఆ తర్వాత ఊరు పెరిగింది. ఊరి బయట పెద్ద ఫ్యాక్టరీ పడింది. దాని వెనకే బ్యాంకులు, కాలేజీ, లిఫ్టులున్న ఇళ్లు. వారానికి ఇరవై ముప్ఫై కుటుంబాలు లారీల్లో సామాన్లు వేసుకుని దిగడం మొదలుపెట్టాయి. అప్పుడొచ్చిన కమిషనరు ఒక సోమవారం పొద్దున అక్క కిటికీ మీద నీలం బోర్డు కొట్టించాడు. 'కొత్తవారికి స్వాగతం' అని అక్షరాలు, పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ. ఆ బొమ్మ కింద అక్క మొహం చూసి ఆఫీసంతా నోటికి ఫైళ్లు అడ్డం పెట్టుకుని నవ్వింది. బోర్డుతో పాటు బల్ల మీదికి ఒక తెల్ల ఫోను కూడా వచ్చింది.

ఆ కిటికీలో ఆవిణ్ణి కూర్చోబెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఎందుకంటే బావగారి సైకిల్ షాపు పోయింది ఆ కొత్తవాళ్ల కోసమే. అక్క మొగుడు మెయిన్ రోడ్డు మీద ముప్ఫై ఏళ్లు సైకిళ్లు బాగుచేశాడు. కొత్త కాలనీకి రోడ్డు వెడల్పు చేయాలని ఒకే రోజు పదకొండు షాపులు కూల్చారు. నోటీసు మా ఆఫీసు నుంచే వెళ్లింది. ఆ నెల్లోనే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ప్రాణం నిలిచింది కానీ డాక్టరు అక్కను పక్కకు పిలిచి చెప్పాడట: "ఇంకోసారి వస్తే అరగంటలో నా దగ్గరుండాలమ్మా. అరగంట దాటాక నన్ను తిట్టి లాభం లేదు." అక్క ఈ మాట నాకు చెప్పినప్పుడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ భయపడగా నేను చూసింది అదొక్కసారే.

భయం ఆవిడ దగ్గర ఎక్కువసేపు భయంగా ఉండదు, కోపమైపోతుంది. ఆ కోపమంతా కిటికీ అవతల నిలబడ్డవాళ్ల మీద పోసేది.

"నీళ్లు ఎన్నింటికి వస్తాయండీ?"

"వచ్చినప్పుడు."

"మా వీధిలోకి చెత్తబండి రావడం లేదండీ."

"మీరు వచ్చారుగా. అదీ వస్తుంది."

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఊరు మంచిదో కాదో తెలుసుకునే లోపే వాళ్లకు మా అక్క నోరు తగిలేది. ఒకాయన టై కట్టుకొచ్చి, "మేడమ్, స్వాగతం అని రాసి ఇలా మాట్లాడతారేంటి?" అన్నాడు. అక్క తలెత్తి బోర్డు వైపు చూసి, "అది రాసింది పెయింటరు. వాడి ఇల్లు బస్టాండు వెనక, వెళ్లి అడగండి" అంది. నేను పకపకా నవ్వాను. నిజం చెప్పాలంటే మా ఆఫీసులో అందరం ఆవిణ్ణి చూసి సంబరపడేవాళ్లం. మేం అనలేనివన్నీ ఆవిడ అనేది.

అప్పుడు కమిషనరు కొత్తవాళ్ల కోసం చిన్న పుస్తకం వేయాలన్నాడు. ఏ పనికి ఎక్కడికి వెళ్లాలి, ఏ ఫోను చేయాలి అన్నీ అందులో ఉండాలి. రాయాల్సింది అక్క. ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. 108 పక్క ఊరి నుంచి రావాలంటే గంట పడుతుంది. మా మున్సిపాలిటీకి ఒకే ఒక ఆస్పత్రి వ్యాను. రూలు ప్రకారం నాలుగో కిటికీకి ఫోను చేస్తే, అక్క రిజిస్టర్లో రాసుకుని డ్రైవరుకు చెప్పాలి. పాత ఊళ్లో ఆ రూలు ఎవరికీ పట్టలేదు. డ్రైవరు నంబరు అందరి సెల్లుల్లోనూ ఉంటుంది. నేరుగా వాడికే చేస్తారు, వాడు ఎనిమిది నిమిషాల్లో గుమ్మం ముందుంటాడు. పుస్తకం చిత్తుప్రతిలో నేను ఆ నంబరు కూడా రాశాను. అక్క ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

"మనవాడి నంబరు వాళ్లకెందుకే? కడుపులో గ్యాసొచ్చినా వాడి ప్రాణం తీస్తారు."

"అవసరం పడితే ఎలా అక్కా?"

"ఆఫీసు నంబరుందిగా. దానికే చేసుకోమను."

ఆఫీసు నంబరంటే ఆ తెల్ల ఫోనే. పుస్తకం అచ్చయింది. అట్ట మీద మళ్లీ అదే నవ్వు మొహం.

తెల్ల ఫోను మోగిందంటే అవతల ఉన్నది కొత్తవాళ్లే. పాతవాళ్లయితే ఆఫీసుకే వస్తారు, లేదా మా సెల్లుకు చేస్తారు. అందుకని అక్క దాన్ని ఎత్తడం మానేసింది. ఎత్తకపోతే పద్నాలుగు సార్లు మోగి అదే ఆగిపోయేది. మేమిద్దరం దాంతో ఒక ఆట కూడా పెట్టుకున్నాం. ఆరు మోతలకే మానుకుంటే ఊళ్లోకి వచ్చి ఆర్నెల్లయిందని లెక్క. పన్నెండు దాకా ఆగితే మొన్ననే లారీ దిగాడని లెక్క. పద్నాలుగూ మోగిస్తే, "మొండిఘటం" అనేది అక్క. ఇంత సిగ్గుమాలిన ఆట ఆడింది చదువుకున్న మేమిద్దరమే.

ఆ రోజుల్లోనే అక్క ఎదురింట్లో ఒక జంట దిగింది. మొగుడు ఫ్యాక్టరీలో, పెళ్లాం ఇంట్లోనే కంప్యూటరు ముందు పని. ముప్ఫై ఏళ్లుంటాయేమో. సైకిలు తొక్కేది. దిగిన వారానికే దాని చైను తెగితే, అరుగు మీద కూర్చున్న బావగారు చూస్తూ ఊరుకోలేకపోయాడు. లేచి వెళ్లి అటక మీద పడేసిన పనిముట్ల పెట్టె దించాడు. రెండేళ్లుగా ఉలుకూ పలుకూ లేని మనిషి ఆ సాయంత్రం చేతులకు గ్రీజు పూసుకుని, ఈల వేస్తూ ఇంట్లోకి వచ్చాడు. ఇంకో ఆడదైతే ఎదురింటికి వెళ్లి రెండు మంచిమాటలు చెప్పి వచ్చేది. మా అక్క ఒంటికాలి మీద లేచింది.

"వాళ్ల రోడ్డు కోసం మీ షాపు కూల్చారు. అదే రోడ్డు మీద తిరిగే సైకిలు మీరు బాగుచేస్తారా? సిగ్గులేదూ?"

"సైకిలేం పాపం చేసిందే?" అన్నాడట ఆయన.

నాకీ మాట చెబుతూ అక్క పళ్లు నూరింది. అన్నం డబ్బా మూత పెడుతూ, "ఈల వేశాడే" అంది. అది కోపమో సంతోషమో ఆవిడకే తెలియలేదు. ఎదురింటావిడతో మాత్రం మాట కలపలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఆవిడ ఒకసారి, "అండీ, మీ సెల్ నంబరు ఇస్తారా, పెద్దాయన పగలంతా ఒక్కరే ఉంటారు కదా" అని అడిగితే, "మా ఆయన సంగతి మేం చూసుకుంటాం" అని తలుపేసింది. బావగారికి సెల్లు లేదు. షాపు పోయాక, నాకెవరు చేస్తారని దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. నంబర్లన్నీ దాంతోనే పోయాయి, ఒక్కటీ ఆయనకు నోటికి రాదు.

అది గురువారం. పదకొండున్నర. కిటికీల ముందు జనం పలచబడ్డారు. నేను పన్ను రసీదులు దొంతర పెడుతున్నాను. తెల్ల ఫోను మోగింది. అక్క దాని వంక చూడనైనా చూడలేదు. పద్నాలుగూ మోగి ఆగింది.

"మొండిఘటం" అంది అక్క.

వెంటనే మళ్లీ మోగింది. మళ్లీ పద్నాలుగు. అక్క రిజిస్టర్లో గీతలు గీసుకుంటోంది. మూడోసారి మొదలయ్యేసరికి నాకు నవ్వాగలేదు.

"అక్కా, దీనికి బహుమతి ఇవ్వాలి" అన్నాను.

"పీట వేసి కూర్చోబెడతాలే" అంది అక్క. ఇద్దరం నవ్వాం. నా చెయ్యి చాపితే ఆ ఫోను అందుతుంది. నేను చాపలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆఫీసు వెనక షెడ్డులో వ్యాను ఖాళీగా ఉంది. డ్రైవరు బకెట్టు, గుడ్డ పట్టుకుని దాన్ని కడుగుతున్నాడు.

ఇంకో ముప్పావు గంటకు ఆ డ్రైవరే తడి చేతులతో లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఆస్పత్రిలో చీట్లు రాసేవాడు బావగారిని గుర్తుపట్టి వాడికి ఫోను చేశాడట.

"అక్కా, పద. బావను ఎవరో కూరగాయల బండిలో తీసుకొచ్చారంట. పదక్కా."

అక్క లేచింది. చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి. నేను వాటిని చేత్తో పట్టుకుని వెనకే పరిగెత్తాను. వ్యానులో డ్రైవరు మధ్యమధ్య, "నాకొక్క ఫోను చేసుంటే" అంటున్నాడు. నోర్ముయ్యరా అని నేను అరిచాను.

మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. డాక్టరు బయటికొచ్చి, "అరగంట ముందు తెచ్చుంటే" అని, ఆవిడ మొహం చూసి మిగతా మాట మింగేశాడు. లోపల బావగారు తెల్ల దుప్పటి కింద ఉన్నాడు. అక్క ఆయన కాళ్ల దగ్గర కాసేపు నిలబడి, నడవాలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఏడవలేదు.

నడవాలో ఎదురింటావిడ ఉంది. జాకెట్టు చెయ్యి చినిగిపోయి ఉంది. ఆయన్ను బండిలోకి ఎత్తేటప్పుడు చినిగిందేమో. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి గానీ, మా అక్కను చూసేసరికి ఆ కళ్లలో ఏడుపు పోయింది.

"మీ పుస్తకంలో ఉన్న నంబరుకే చేశానండీ. మూడుసార్లు చేశాను. చివరిదాకా మోగింది. పదకొండున్నరకు మీ సీట్లో ఎవరూ లేరా?"

"ఉన్నాను" అంది అక్క.

"మరి?"

"విన్నాను. ఎత్తలేదు."

"ఎందుకండీ?"

అక్క అబద్ధం చెప్పలేదు. ఆవిడకు అబద్ధం రాదు. "మీవాళ్లెవరో అనుకున్నాను" అంది.

ఎదురింటావిడ రెండడుగులు ముందుకొచ్చింది. చెయ్యి చేసుకుంటుందేమోనని నేను అడ్డం వెళ్లబోయాను. ఆవిడ కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"మొదటిసారి ఎత్తకపోతే, నేను రోడ్డు మీదికి పోయి ఏదన్నా బండి ఆపుతానన్నానండీ. ఆయనే వద్దన్నాడు. మళ్లీ చెయ్యమ్మా, మా ఆవిడ అక్కడే ఉంటుంది, ఎత్తుతుంది అన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి చేసేటప్పటికి మాట రావడం లేదు, వేలితో ఫోను చూపించాడు. అప్పుడు రోడ్డు మీదికి పోతే బండి దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అందుకే ఆలస్యమైంది. మీరు ఎత్తుతారని ఆగాం."

అక్క రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. ఆవిడ గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను రాయలేను. అన్నేళ్లలో ఆవిడ ఏడుపు వినడం అదే మొదలు.

ఎదురింటావిడ ఆవిణ్ణి ఓదార్చలేదు. నా వైపు తిరిగింది. నా చేతిలో ఇంకా అక్క చెప్పులున్నాయి.

"మీరెవరు?"

"ఆఫీసులోనే. పక్క కిటికీ."

"మీకూ వినపడిందా?"

నడవా చివర డ్రైవరు నిలబడి చూస్తున్నాడు. చీట్లు రాసేవాడు తల బయట పెట్టి వింటున్నాడు. అందరూ మా ఊరివాళ్లే, రేపట్నుంచి నన్ను చూడాల్సినవాళ్లే.

"నేనా టైముకి సీట్లో లేనండీ" అన్నాను.

అక్క తలెత్తింది. ఏడుస్తూనే నన్ను చూసింది. నా చేతిలోంచి చెప్పులు తీసుకుని తొడుక్కుంది.

ఇది జరిగి ఐదేళ్లయింది. అక్క ఇంకా నాలుగో కిటికీలోనే ఉంది. మంచిదైపోలేదు. ఇప్పటికీ కస్సుమంటుంది, కాకపోతే తెల్ల ఫోను మొదటి మోతకే ఎత్తి కస్సుమంటుంది. మొగుణ్ణి చంపుకుందని ఊరంతా ఆవిణ్ణే అంటుంది. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరితోనైనా, పక్కనే ఇంకొకతె కూడా ఉందని ఆవిడ చెప్పలేదు. నేను ఇప్పటికీ ఆ పక్కనే కూర్చుంటున్నాను.